పోర్టికో కింద కర్రలు

ఇల్లు కట్టుకోబోయే కుర్రవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరకు వస్తారు. పొద్దున పార్కులో నడుస్తుంటే పక్కన కలుస్తారు. ఒక చుట్టు ఎండల గురించి మాట్లాడతారు, ఇంకో చుట్టు ట్రాఫిక్ గురించి. ఆ తర్వాత అసలు సంగతి బయటికొస్తుంది. "అంకుల్, నమ్మకస్తుడైన బిల్డర్ ఎవరైనా ఉంటే చెప్పండి." ఇళ్ళకు అప్పులిచ్చే సంస్థలో ఉద్యోగమంతా సైట్లు చూడడంలోనే గడిపినవాణ్ణి కనక, నా జేబులో అలాంటి పేరు ఒకటి ఉంటుందని వాళ్ళ ఆశ.

నేను పేరు చెప్పను. "నమ్మకస్తుడంటే ఎలా ఉండాలి బాబూ?" అని తిరిగి అడుగుతాను. చెప్పిన టైముకి పూర్తిచేసేవాడు, సిమెంటులో మోసం చెయ్యనివాడు, ఫోనెత్తేవాడు అంటారు. అన్నీ నిజమే. కానీ మనం అడిగినదాన్ని కూడా కాదనగలిగినవాడు కావాలని ఇంతమందిలో ఒక్కరే అన్నారు. ఆయన ఆఫీసులో నా పక్క టేబుల్ ఆయన. అలాంటివాడే దొరికాడు కూడా. ఆ తర్వాత ఏమైందో మీకు చెప్పాలి.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక చీరల దుకాణం పైన ఉండేది. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. నా పని చెప్పడానికి చిన్నదే. ఇంటి అప్పు ఒకేసారి ఇవ్వరు, పునాదికి కొంత, స్లాబుకి కొంత ఇస్తారు. ఆ మెట్టు దాకా పని నిజంగా అయిందా, సరిగ్గా అయిందా అని స్కూటర్ మీద వెళ్ళి చూసి సంతకం పెట్టాలి. సాయంత్రం ఇంటికొచ్చి ఆ రోజు చూసినది డైరీలో రాసుకునేవాణ్ణి. "లోకమంతా రామకోటి రాస్తుంటే ఈయన ఇటుకకోటి రాస్తున్నాడు" అని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

పక్క టేబుల్ ఆయనది దస్తావేజులు పరిశీలించే పని. కృష్ణా జిల్లా మనిషి. నాది నల్లగొండ వైపు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే ఆయన గోంగూర నా వైపు, నా సర్వపిండి ఆయన వైపు జరిగేవి. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లీ మేనమామా కలిసి ఆయన్ని పైకి తెచ్చారు. తల్లి ఆయన దగ్గరే ఉండేది, ఆఫీసుకు నడిచి వచ్చేంత దూరంలో, ఒక సందులో, కిరాయి ఇంట్లో.

ఒక పండగపూట నన్ను భోజనానికి పిలిచారు. వాళ్ళమ్మగారు వడ్డిస్తూ, వడ్డిస్తూ ఆగి, కిటికీలోంచి ఎదురిల్లు చూపించింది.

"మొన్న ఆ ఇంట్లో అద్దెకున్నాయన పోయాడండీ. ఆసుపత్రి నించి తెస్తే ఇంటావిడ గేటు తియ్యలేదు. రోడ్డు మీదే టెంటు వేసి పడుకోబెట్టారు. బళ్ళవాళ్ళు హారన్ కొట్టుకుంటూ పక్కనించి పోయారు. మనిషి చచ్చిపోయినా పక్కకి జరగమనడమేంటండీ?"

"అమ్మా, అన్నం దగ్గర ఆ మాటలేంటి?" అన్నాడు కొడుకు.

"ఉండరా. ఇంజినీరు గారూ, నాకు మేడలొద్దు. నేను పోయాక మా గుమ్మం లోపల పడుకోబెడితే చాలు. అందుకే వీణ్ణి తొందర పెడుతున్నా" అని నవ్వి, నా విస్తట్లో ఇంకో గరిటె పులిహోర వేసింది.

కిరాయి కాగితంలో ఎవరూ రాయరు గానీ ఈ ఊళ్ళో చాలా ఇళ్ళకు ఉన్న షరతు అది. కిరాయికున్నవాళ్ళు బతికినంతకాలం ఉండొచ్చు. పోయాక లోపలికి రాకూడదు.

ఎల్.బి. నగర్ దాటాక, హయత్‌నగర్ వెళ్ళే దారిలో లోపలికి ఒక కాలనీలో వాళ్ళకు స్థలం ఉంది. ఇక బిల్డర్ని వెతకడం మొదలైంది. మొదటివాడు వాళ్ళ జిల్లావాడే, దూరపు చుట్టం కూడా. ఫోనులో ఇళ్ళ ఫోటోలు వేలితో తోస్తూ చూపించాడు. "మనవాడండీ" అన్నాడు పక్క టేబుల్ ఆయన. రెండోవాడికి కొత్తపేటలో అద్దాల ఆఫీసు. మనం ఏమడిగినా "నో ప్రాబ్లం సార్" అనేవాడు. పోర్టికో ఇంకా ముందుకు లాగొచ్చా అంటే నో ప్రాబ్లం. మెట్లు చిన్నవి చెయ్యొచ్చా అంటే నో ప్రాబ్లం. బయటికొచ్చాక నేనన్నాను, "ఈయనకి ఏదీ ప్రాబ్లం కాదంటే, అన్నీ మీకే మిగులుతాయన్నమాట."

పూర్తయిన ఇల్లు చూసి బిల్డర్ని ఎంచుకోకూడదని నేను చెప్పేవాణ్ణి. రంగు వేశాక అన్ని ఇళ్ళూ అందగత్తెలే. పని జరుగుతున్న చోటికి, చెప్పకుండా వెళ్ళాలి. ఒక ఆదివారం ఆయన్ని స్కూటర్ మీద ఎక్కించుకుని హయత్‌నగర్ వైపు బయల్దేరాను. అక్కడ నేను అంతకుముందు చాలాసార్లు పని చూసిన మేస్త్రీ ఒకాయన స్లాబు పోయిస్తున్నాడు. మా నల్లగొండ వైపు నుంచే వచ్చి, కూలీగా మొదలై, సొంతంగా ఇళ్ళు ఒప్పుకునే దాకా ఎదిగిన మనిషి.

మేం వెళ్ళేసరికి మిక్సర్ ఆగిపోయి ఉంది. మేస్త్రీ ఇంటి ఓనరు మీద కేకలేస్తున్నాడు. ఓనరు బావమరిది కాంక్రీటు మాల్ బాగా జారాలని ఇంకో బకెట్ నీళ్ళు పోయించాడట.

"గిది మీ ఇంట్ల పప్పుచారు కాదు సార్, నీళ్ళు కలుపుకుంట పోనీకి! గా మాల్ కింద పారబోస్తున్న. మళ్ళ కలిపితెనే పోస్త. లేదంటే నా సామాన్ నాకిచ్చెయ్యుండ్రి, పోత."

"ఓనరెవరు, నువ్వా నేనా?" అన్నాడు ఓనరు.

"మీరే సార్. పండుకునేది మీరే కింద. అందుకే చెప్తున్న."

పక్క టేబుల్ ఆయన ముఖం వెలిగిపోయింది. తిరిగొచ్చేటప్పుడు వెనక సీటు మీంచి నా చెవిలో అన్నాడు, "ఏవండీ, మనకి ఇతనే కావాలండీ. మనం అడిగినా కాదనేవాడు కావాలి."

ప్లాను గీసేటప్పుడు ఒక చిక్కొచ్చింది. వాస్తు ప్రకారం సింహద్వారానికి ఎదురుగా స్తంభం ఉండకూడదు. స్థలమేమో ఇరుకు, పక్కలకు జరపడానికి లేదు. అలాగని పోర్టికో లేకపోతే మేనమామ ఒప్పుకోడు. ఆయన బెజవాడ దగ్గర్నించి అందుకోసమే వచ్చి కూర్చున్నాడు. చివరికి స్తంభాలు లేకుండా ముందుకు వేలాడే పోర్టికో ఖాయమైంది. నేను చూసి, చెయ్యొచ్చు అన్నాను. కాకపోతే దానికో నియమం ఉంది. వెనకవైపు పైగది గోడలూ, దాని స్లాబూ లేచి బరువు పడే దాకా పోర్టికోని కింద నుంచి మోసే సెంట్రింగ్ కర్రలు తియ్యకూడదు. మేస్త్రీ దాన్ని నాకంటే బాగా చెప్పాడు: "బల్ల ఈ కొసకు ఒకడు కూసుంటే ఆ కొసకు ఇంకోడు కూసోవాలె. లేకుంటే లేస్తది."

అందరూ తలూపారు. ఆ రోజు ఆ మాట ఎవరికీ బరువనిపించలేదు.

పని మొదలయ్యాక ఆవిడ వీలైనప్పుడల్లా ఆటోలో సైటుకి వచ్చేది, స్టీలు క్యాన్‌లో మజ్జిగ పట్టుకుని.

"ఏం మేస్త్రీ, నిన్నటికీ ఇవాళ్టికీ గోడ అంతే ఉంది? ఇటుకలు పేరుస్తున్నారా, పేకాడుతున్నారా?"

"పేకముక్కలైతే జల్దీ లేస్తుండె పెద్దమ్మా. జల్దీ కూలుతుండె గూడ."

"డాబా మీద వడియాలు పెట్టుకోడానికి నేనెవర్నీ అడగక్కర్లేదు కదా?"

"మీ డాబా, మీ ఎండ. నాకు కొన్ని వడియాలు పంపుండ్రి, చాలు."

స్లాబూ, దానితోపాటు పోర్టికో పడ్డ కొన్నాళ్ళకు ఆవిడ మంచాన పడింది. గుండె. ఆసుపత్రిలో ఉంచి ఉంచి, డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్ళి సంతోషంగా ఉంచమన్నారు. అంటే ఏమిటో అందరికీ తెలుసు. పైగది పని అలాగే ఆపి ముందు కింద భాగం తయారుచెయ్యమని మేస్త్రీని బతిమాలారు. ఆయన తన పద్ధతి మార్చుకుని, తలుపులు, నేల, వంటగట్టు అన్నీ చేసిపెట్టాడు. పాలు పొంగించి ఆవిడని లోపల పడుకోబెట్టడానికి ఇల్లు సిద్ధమైంది. పంతులుగారు పంచాంగం చూసి ముహూర్తం పెట్టారు. అది తప్పితే మూఢం వచ్చేస్తుంది, మళ్ళీ నెలల తరబడి ముహూర్తాలు లేవు.

అప్పుడు అందరూ సింహద్వారం వైపు చూశారు. దాని ముందు, పోర్టికో కింద, కర్రలు అడివిలా నిలబడి ఉన్నాయి.

పక్క టేబుల్ ఆయన కుర్చీ నా దగ్గరకు లాక్కున్నాడు.

"ఏవండీ, ఒక్క పూట తీసి మళ్ళీ పెట్టించలేమా?"

"మళ్ళీ పెట్టాలంటే పోర్టికో అలాగే నిలిచి ఉండాలి కదండీ."

"ఉంటుందేమో."

"ఉంటుందేమో. ఆ 'ఏమో' కింద నించి అమ్మగారిని ఎలా తీసుకెళ్తారు?"

మేస్త్రీ కూడా అదే చెప్పాడు. కానీ ఊరికే కాదని కూర్చోలేదు. బరువు తప్పకుండా కర్రలని అటూ ఇటూ సర్ది, మధ్యలో ఒక కుర్చీ పట్టేంత దారి చేశాడు. "పెద్దమ్మను కుర్చీల కూసోబెట్టుకొని తీస్కపోదాం సార్." పంతులుగారు సరేనన్నారు. పక్క టేబుల్ ఆయన ప్రాణం లేచొచ్చినట్టు ఆ కబురు ఇంటికి మోసుకెళ్ళాడు.

మేనమామ ఒప్పుకోలేదు. నేను కూడా ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆయన కోపంగా చెప్పలేదు, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చెప్పాడు. "కర్రల మధ్యన, నలుగురు మోసుకుంటూ... దాన్నేమంటారండీ? ఆ మోత మోసే రోజు ఎలాగూ వస్తుంది. నా చెల్లెల్ని బతికుండగా అలా మొయ్యనివ్వను."

పెరటి తలుపు నించి వెళ్దామని ఎవరో అంటే, "జీవితంలో ఒకే ఒక్క సొంతిల్లు, దానిలోకి దొడ్డిదారినా?" అన్నాడు.

లోపలి గదిలో మంచం మీదున్న ఆవిడకి ఇదంతా వినబడుతూనే ఉంది. నన్ను పిలిపించింది. "మీరైనా చెప్పండి వాళ్ళకి. కర్రలుంటే ఉండనీండి. కావాలంటే పాక్కుంటూ వెళ్తా." నేను బయటికొచ్చి ఆ మాట కొడుక్కి చెప్పాను. "ఆవిడలాగే అంటుందండీ. రేపు ఏదైనా అయితే మామయ్య ముఖం నేను చూడగలనా?" అన్నాడు.

ముహూర్తం రోజు పొద్దున మేస్త్రీ ఫోన్ చేశాడు. "సార్, జర జల్దీ రాండ్రి. మీ సారు అడ్డా మీదికెళ్ళి మనుషుల్ని పట్కొచ్చిండు, కర్రలు పీకనీకి."

నేను వెళ్ళేసరికి గేటుకి మామిడాకులు కట్టి ఉన్నాయి. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. ఎల్.బి. నగర్ చౌరస్తాలో పొద్దున్నే పని కోసం నిలబడే కూలీలిద్దరు గడ్డపారలతో పక్కన నిలుచున్నారు. పోర్టికో కింద, కర్రల నడుమ, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. గేటు బయట కారు. కారులో వెనక సీటు మీద, కొత్త చీర కట్టుకుని, తలగడలకు ఆనుకుని ఆవిడ.

"లేవయ్యా. నా ఇల్లు, నా ఇష్టం" అంటున్నాడు పక్క టేబుల్ ఆయన. ఆయన అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"మీ ఇల్లే సార్. నన్ను తీసినంక కర్ర తియ్యుండ్రి."

"అసలు నిన్ను పెట్టుకున్నదే..." అని ఆగిపోయి, నన్ను చూశాడు. "మీరు చెప్పండి. మీరు తియ్యొచ్చంటే ఇతను లేస్తాడు."

"సార్ తియ్యొచ్చంటే లేస్త" అన్నాడు మేస్త్రీ కూడా.

మేనమామ నా వైపు తిరిగాడు. "ఆయన్నేం అడుగుతావురా? ఇద్దరిదీ ఒకే జిల్లా. ఒకే మాట అంటారు."

నేను పైకి చూశాను. వెనక పైగది గోడలు నడుం ఎత్తు కూడా లేవలేదు. కొత్త స్లాబు అంచు మీద ఎవరో పెట్టిన పసుపు బొట్టు ఉంది. కారు వైపు చూడకుండా చెబుదామనుకున్నాను, కుదరలేదు. చూసే చెప్పాను. "తియ్యకూడదు."

కూలీల్లో పెద్దవాడు గడ్డపార కింద పెట్టేశాడు. "గిట్లని మాకు చెప్పలే సార్. మాతోని కాదు."

అప్పుడు కారు అద్దం కిందికి దిగింది. ఆవిడ గొంతు చిన్నదైపోయింది, అయినా వినబడింది.

"మేస్త్రీ, నన్ను ఎత్తుకుని ఆ కర్రల్లోంచి తీసుకెళ్ళరాదూ? బరువేం లేనులే ఇప్పుడు."

మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. "తీస్కపోత పెద్దమ్మా, ఎందుకు తీస్కపోను?" అని చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ గేటు దాకా వచ్చాడు.

మేనమామ కారు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "వద్దు. వద్దు నాయనా. కొడుకు నిలబడుండగా..."

కొడుకు ఒక్క మాట అంటే అయిపోయేది. మేమంతా ఆయన వైపే చూశాం. ఆయన తన మేనమామ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు. పంతులుగారు మెల్లగా, "ముహూర్తం దాటిపోయిందండీ" అన్నారు. ఎంతసేపటికో కారు వెనక్కి తిరిగింది.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇంతే: "ఎల్.బి. నగర్ సైటు. కర్రలు తీయలేదు."

మూఢంలోనే ఆవిడ పోయింది. గృహప్రవేశం కాని కొత్తింటికి తీసుకెళ్ళకూడదన్నారు. కిరాయింటి ఓనరమ్మ గేటు దగ్గర చేతులు జోడించి ఏడుస్తూనే చెప్పింది, "ఏమనుకోకుండ్రి, మా ఇంట్ల చిన్నపిల్లలున్నరు, బయట పెట్టుకోండ్రి" అని. సందులో టెంటు వేశారు. ఆవిడ దేనికి భయపడిందో, ఆ రోడ్డు మీదే పడుకుంది.

మేస్త్రీ వచ్చాడు. శవం దగ్గరకు వెళ్ళలేదు. సందు మొగదల నిలబడి, వచ్చే బళ్ళకి చెయ్యి అడ్డం పెట్టి పక్క సందుకి మళ్ళించసాగాడు. "అటు నుంచి పోండ్రి భయ్యా. హారన్ కొట్టకు తమ్మీ, జర." తీసుకెళ్ళే దాకా అక్కడే ఉన్నాడు. నీళ్ళిస్తే కూడా తాగలేదు. అయినా కొన్ని హారన్లు మోగాయి.

ఆఫీసులో పక్క టేబుల్ అలాగే ఉంది. ఆయన నాతో పనికి సంబంధించిన మాటలన్నీ మర్యాదగా మాట్లాడేవాడు. క్యారేజీ మాత్రం కిటికీ వైపు తిరిగి విప్పుకునేవాడు. ఆయన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. నేను చెప్పింది తప్పని కూడా నాకెప్పుడూ అనిపించలేదు. ఈ రెండూ ఒకేసారి నిజమైనప్పుడు మనిషికి చేసేదేమీ ఉండదు.

పిల్లలూ, ఒక సంగతి గమనించండి. పోర్టికో కూలితే పదిమందీ వచ్చి చూస్తారు, కూల్చినవాడి పేరు చెప్పుకుంటారు. కూలకుండా ఆపినవాడికి చూపించడానికి ఏమీ ఉండదు. వాడు ఆపింది ఎవరికీ కనబడదు, వాడు కాదన్నది మాత్రం అందరికీ గుర్తుంటుంది.

మేస్త్రీని మధ్యలో తీసేస్తారేమో అనుకున్నాను. తియ్యలేదు. ఆయనా వదిలిపోలేదు. ఎవరూ పలకరించకపోయినా వచ్చి పైగది గోడలు లేపాడు, స్లాబు వేశాడు, తడిపాడు. ఇక కర్రలు తియ్యొచ్చన్న రోజున నన్ను పిలిచాడు. నేను వెళ్ళాను. కొస నుంచి మొదలుపెట్టి గోడ వైపుకి ఒక్కొక్క కర్రే తీయించాడు. తీసిన ప్రతిసారీ పనివాళ్ళని ఆపి, తనే కిందికి వెళ్ళి పైకి చూసి వచ్చాడు. చివరి కర్ర వచ్చేసింది. పోర్టికో కదల్లేదు. వెంట్రుక వాసి పగులు కూడా లేదు. సింహద్వారం ముందు వెలుతురు పడింది.

అప్పుడు చూశాను, పక్క టేబుల్ ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. మెల్లగా లోపలికి వచ్చి పోర్టికో కింద నిలబడి, తల పైకెత్తి చాలాసేపు చూశాడు.

"మేస్త్రీ, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు. ఆ రోజు తీసుంటే పడేదా?"

నేను మేస్త్రీ వైపు చూశాను. "పడేది సార్" అంటాడనుకున్నాను. అనాలని కోరుకున్నాను. నన్నడిగి ఉంటే నేను అనేవాణ్ణి.

మేస్త్రీ తన చేతులు చూసుకున్నాడు.

"ఎరుకలేదు సార్. పడుతుండొచ్చు. పడకపోతుండొచ్చు గూడ."

పక్క టేబుల్ ఆయన అక్కడే, కొత్త మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. అప్పటిదాకా ఆయన ఏడవడం నేను చూడలేదు, శ్మశానంలో కూడా.

"పడేది అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదయ్యా" అన్నాడు.

మేస్త్రీ వచ్చాడు. ఆయన పక్కన, అదే మెట్టు మీద, కాస్త ఎడంగా కూర్చున్నాడు. పనివాళ్ళు వచ్చి కర్రలు లారీకి ఎక్కించాలా అని అడిగారు. నేనే లేచి వెళ్ళి ఎక్కించమన్నాను.